మొర్రి బిడ్డ, ముద్దాయి తల్లి

2025 సెప్టెంబరు 7, ఆదివారం. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. పొద్దుటి నుంచీ టీవీల్లో అదే గోల. ఏ రాశివాళ్లు చూడకూడదు, ఏ గుడి ఎన్నింటికి మూస్తారు, పచ్చళ్ల మీద దర్భలు ఎప్పుడు వేయాలి. ఇవన్నీ విని ఊరుకోవచ్చు. ఊరుకోలేని మాట ఒకటి వచ్చింది. పట్టు కండువా కప్పుకున్న ఒక పెద్దమనిషి, గర్భిణులు గ్రహణం వేళ కత్తిపీట ముట్టకూడదు, సూదిలో దారం ఎక్కించకూడదు, ఒళ్లు గోక్కోకూడదు, కాళ్లు చాపుకుని కదలకుండా పడుకోవాలి, లేకుంటే బిడ్డ మొర్రితో పుడుతుంది అన్నాడు. యాంకరమ్మ తలూపింది. "మా మాట వినకపోతే పుట్టాక ఏడ్చి లాభం లేదు" అని ఆయన ముగించాడు.

ఆ చివరి మాటకే నాకు కడుపు మండింది. అది జాగ్రత్త చెప్పడం కాదు. ఇంకా పుట్టని బిడ్డకు ఏదైనా జరిగితే తప్పు ఎవరి నెత్తిన పెట్టాలో ముందుగానే తేల్చేయడం. తండ్రి ఆ రాత్రి ఏం చేయకూడదో ఆయన ఒక్క ముక్కా చెప్పలేదు.

కడుపులో బిడ్డ పై పెదవి పక్కల నుంచి పెరిగి వచ్చి కలుసుకుంటుంది. నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల ఆ పని పూర్తవుతుంది. ఆ తర్వాత కొద్ది వారాల్లో అంగిలి కలుస్తుంది. కలవకుండా మిగిలిన చీలికనే మనవాళ్లు గ్రహణం మొర్రి అంటున్నారు. నెల తప్పిందని రూఢి చేసుకునే సరికే చాలామంది ఆడవాళ్లకు ఈ పని మొదలైపోయి ఉంటుంది. మన ఇళ్లలో చీకటి గదిలో పడుకోబెట్టేది ఎవరిని? కడుపు ఎత్తుగా కనిపించే ఏడో నెల, ఎనిమిదో నెల గర్భిణిని. ఆ బిడ్డ పెదవి అతుక్కుని అప్పటికే నెలలు గడిచిపోయాయి. దాన్ని చీల్చడానికి ఏ కత్తిపీటా లేదు, ఏ రాహువూ లేడు.

ప్రపంచం మొత్తం మీద దాదాపు 700 కాన్పుల్లో ఒక బిడ్డ ఈ చీలికతో పుడుతోంది. జన్యువులు ఒక కారణం, అందులో తల్లి వాటా ఎంతో తండ్రి వాటా అంతే. గర్భిణి పొగ తాగడం, అదుపులో లేని షుగరు, వాల్‌ప్రోయేట్ లాంటి కొన్ని మూర్ఛ మందులు ముప్పు పెంచుతాయి. చాలాసార్లు ఫలానాదే కారణమని డాక్టరు కూడా వేలు పెట్టి చూపలేడు. అలా చూపలేని చోటే మన పెద్దలు ఎంతో నిబ్బరంగా తల్లి వైపు వేలు చూపిస్తారు. మెక్సికోలోనూ ఇదే నమ్మకం ఉంది. అక్కడ గ్రహణం రోజున గర్భిణులు బట్టలకు పిన్నీసు పెట్టుకుంటారు. చంద్రగ్రహణం ఒకేసారి సగం భూగోళానికి కనిపిస్తుంది. ఆ సెప్టెంబరు రాత్రి ఆసియాలో, ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో ఎందరు గర్భిణులు వంట చేసుకున్నారో, బట్టలు కుట్టుకున్నారో! వాళ్లందరికీ మొర్రి పిల్లలు పుట్టలేదు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన మీదుగా పోయింది. హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు దూరదర్శినులు బిగించి దాన్ని చూశారు. మా ఊళ్లో మాత్రం పట్టపగలే తలుపులు మూశారు. మా మేనత్తకు అప్పుడు మూడో నెల దాటింది. ఆమెకు ఆ ఏడు ఆగస్టులో మొర్రితో ఆడపిల్ల పుట్టింది. పెదవే కాదు, అంగిలి కూడా చీలి ఉంది. పురిటి గదిలోనే విచారణ మొదలైంది. గ్రహణం నాడు బీరకాయ తరిగిందని ఒకరు, లేదు, రవిక కుట్టుకుందని మరొకరు. ఆమె ఏమీ చేయలేదని ఏడ్చింది. వారం తిరిగేసరికి తానే ఏదో చేసి ఉంటానని ఒప్పుకుంది. అలా ఒప్పుకున్న రోజున మా అత్త ముఖం ఎలా ఉందో నాకు ఇంకా గుర్తుంది. ఆగస్టులో పుట్టిన బిడ్డ పెదవి జనవరి మొదట్లోనే ఏర్పడిపోయి ఉంటుంది. అంటే గ్రహణానికి ఎన్నో వారాల ముందే.

ఆ బిడ్డ చనుబాలు పీల్చలేకపోయింది. అంగిలి చీలినప్పుడు నోట్లో పట్టు దొరకదు. పడుకోబెట్టి పాలు పోస్తే ముక్కులోంచి వచ్చేవి, ఉక్కిరిబిక్కిరయ్యేది. ఇంట్లో వెండి ఉగ్గుగిన్నె ఉంది. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, పిండిన తల్లిపాలు కొద్దికొద్దిగా పోస్తూ, మధ్యమధ్య భుజాన వేసుకుని త్రేన్పు తెప్పిస్తే చాలు, బిడ్డ ఒళ్లు చేస్తుంది. మొర్రి పిల్లలు పాలతో పాటు గాలి ఎక్కువ మింగుతారు కాబట్టి అంత ఓపిక కావాలి. ఆ సంగతి చెప్పే మనిషి కోసం ఎవరూ పట్నం బస్సెక్కలేదు. ఏ కూరగాయ తరిగిందో తేల్చడంలోనే పురుడు గడిచిపోయింది. శాంతి చేయించారు, తాయెత్తు కట్టారు. మూడో నెలలో బిడ్డ పోయింది. "పోనీలే, ఆడపిల్ల, ఆ ముఖంతో బతికి ఏం చేస్తుంది" అన్నారు. మొర్రి వల్ల ఆ బిడ్డ చావలేదు. ఆకలితో చచ్చింది. మా అత్తను నిందించడానికి దొరికిన మనుషుల్లో ఒక్కరు పాలు పట్టడానికి కూర్చున్నా బిడ్డ బతికేది.

ఒక్క పూట జాగ్రత్తగా ఉంటే పోయేదేముంది అని చదువుకున్నవాళ్లే నన్ను అడుగుతుంటారు. పోయేది చాలా ఉంది. గంటల తరబడి తిండీ నీళ్లూ లేకుండా పడి ఉన్న గర్భిణికి షుగరు ఉంటే అది నిజమైన ప్రమాదం. అంతకన్నా పెద్ద నష్టం, ఈ నియమాల పట్టిక మొత్తం రేపు ఆమె మీద మోపబోయే అభియోగ పత్రం కావడం. అన్నీ పాటించినా ఒకచోట గోక్కోని మనిషి ఉండదు. కాబట్టి దోషి ఎప్పుడూ దొరుకుతుంది. దోషి దొరికాక ఇక చేయాల్సిందేమీ లేదని ఇల్లంతా చేతులు దులుపుకుంటుంది.

చేయాల్సిందేమో బోలెడంత ఉంది. పెదవి కుట్టే ముందు పిల్లల డాక్టర్లు పాత కొలత ఒకటి చూస్తారు: పది వారాల వయసు, పది పౌండ్లు అంటే నాలుగున్నర కిలోల బరువు, పది గ్రాముల హిమోగ్లోబిన్. వయసు దానంతటదే వస్తుంది, మిగిలిన రెండూ చాలావరకు ఇంట్లో వాళ్ల చేతిలో ఉన్నవే. బిడ్డ పుట్టిన రోజున అడగాల్సింది "నువ్వు ఏం చేశావు" అని కాదు, "నాలుగున్నర కిలోలకు ఎట్లా చేర్చాలి" అని. అత్తగారు రాత్రి రెండింటికి లేచి ఒకసారి పాలు పోయాలి. నాన్న ప్రతి వారం తూకం వేయించాలి. ఇప్పుడు కడుపులో బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్‌లో పెదవి చీలిక చాలావరకు ముందే తెలిసిపోతోంది, కాబట్టి కాన్పుకు ముందే సర్జన్‌తో మాట్లాడుకునే వీలుంది. డబ్బు లేదనే మాట కూడా నిలవదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో మొర్రి చికిత్స ఉంది. మొర్రి ఆపరేషన్లకు సాయం చేసే స్వచ్ఛంద సంస్థ స్మైల్ ట్రైన్‌తో కలిసి పనిచేసే ఆసుపత్రుల్లో ఆపరేషన్ ఉచితం. 2009లో ఆస్కార్ అందుకున్న 'స్మైల్ పింకీ' డాక్యుమెంటరీలో మీర్జాపూర్ జిల్లా పల్లె పిల్లకు వారణాసిలో అలాగే ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్‌కు డబ్బు కట్టక్కర్లేదని చెప్పే ఒక కార్యకర్త ఊరికి వెళ్లాడు కాబట్టే ఆ పిల్ల ఆసుపత్రి మెట్లెక్కింది. మన సంప్రదాయం అంటారా, తెగిన ముక్కునూ చెవి తమ్మెనూ అతికే విద్య రాసిపెట్టిన సుశ్రుతుడు ఆ సంప్రదాయంలోని వాడే. టీవీ పెద్దమనుషులకు రాహువే గుర్తొస్తాడు.

పెదవి కుట్టగానే పని అయిపోయిందనుకునే ఇళ్లు ఎన్నో. ముఖం బాగుపడింది కదా అని అంగిలి ఆపరేషన్‌కు మళ్లీ రారు. అది మాటలు రాకముందే, ఏడాది అటూ ఇటూగా జరగాలి. లేకపోతే పిల్ల ముక్కుతో మాట్లాడుతుంది, చెవిలో చీము పడుతుంది, బళ్లో వెక్కిరింపులు మొదలవుతాయి, ఇంట్లో మళ్లీ ఆ పాత గ్రహణం కథ లేస్తుంది. అంగిలి ఆపరేషన్ తేదీ డిశ్చార్జి కాగితం మీద రాసే ఉంటుంది. ఆ రోజు కూలి పోతుందని ఆగిపోయే తల్లి వెంట ఆశా కార్యకర్త వెళ్లాలి, దారి ఖర్చు ఎవరు పెట్టుకోవాలో ప్రభుత్వం తేల్చాలి, ఆపరేషన్ తర్వాత మాటలు నేర్పే స్పీచ్ థెరపిస్టును ప్రతి జిల్లా ఆసుపత్రిలో కూర్చోబెట్టాలి.