వేలిముద్ర పోతే ఎవరిని అడగాలి?

2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌కార్డులు అమ్మే ఒక వ్యక్తి పోలీసులకు దొరికాడు. అమ్మకాల టార్గెట్ అందుకోవడానికి అతడు తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు దించుకున్నాడు. వాటిలో క్రయవిక్రయదారుల ఆధార్ నంబర్లున్నాయి, వేలిముద్రలున్నాయి. రబ్బరు స్టాంపులు తయారుచేసే యంత్రంతో ఆ ముద్రలకు నకళ్లు తీసి, వేల సంఖ్యలో సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ దస్తావేజుల్లో ఉన్నవాళ్లు ఏ లింకూ నొక్కలేదు, ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో చూపించిన చోట వేలు పెట్టారు, అంతే.

బ్యాంకుల మెసేజ్‌లు, పోలీసుల పోస్టర్లు, ఫోన్ కలిసేలోపు ఆమధ్య వినిపించిన హెచ్చరికలు అన్నీ మనకు ఒకటే చెబుతున్నాయి: అప్రమత్తంగా ఉండండి. అవసరమైన మాటే. 2024లో సైబర్ మోసాల్లో దేశ ప్రజలు దాదాపు 22,845 కోట్ల రూపాయలు పోగొట్టుకున్నారని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు తెలిపింది. బెదిరింపులకు లొంగి, లాభాల ఆశకు పోయి తమ చేత్తోనే డబ్బు పంపినవాళ్లు అందులో ఎందరో ఉన్నారు. అయితే ఆ హెచ్చరిక అడుగున ఒక అనుమానం దాగి ఉంది: పోగొట్టుకున్నవాళ్లు ఏదో ఒక పొరపాటు చేసే ఉంటారని. పెద్దపల్లి కేసు ముందు ఆ అనుమానం నిలబడదు. మన గుర్తింపు ఎక్కువగా పోతున్నది మనం నమ్మి అప్పగించిన చోట్ల నుంచే అని నా అభిప్రాయం. జవాబు చెప్పాల్సింది కూడా ముందు వాటిని నడిపేవాళ్లే.

సిమ్‌లతో మొదలైన ఆ కిటుకు బ్యాంకు ఖాతాల దాకా రావడానికి ఎంతోకాలం పట్టలేదు. ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టి డబ్బు తీసుకునే ఏర్పాటు అందరికీ తెలిసిందే. ఆధార్ ఆధారిత చెల్లింపుల వ్యవస్థ అది, ఏఈపీఎస్ అంటారు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు. పిన్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. ఒక్కసారికి పదివేల రూపాయల దాకా తీయవచ్చు. ఏటీఎం ముఖం చూడని ఊళ్లకు, పింఛన్ కోసం మండల కేంద్రానికి వెళ్లలేని ముసలివాళ్లకు ఇది నిజంగా మేలు చేసింది, కాదనను. కానీ ఆధార్ నంబరు, వేలిముద్ర రెండూ ఒకే దస్తావేజు మీద దొరికినప్పుడు మోసగాడికి మిగిలేది బ్యాంకు పేరు కనుక్కోవడమే. చాలామందికి తమ ఖాతాకు ఈ సదుపాయం ఉందన్న సంగతి డబ్బు పోయాకే తెలుస్తోంది.

ఇందులో నన్ను ఎక్కువగా బాధించే విషయం ఒకటుంది. బీడీలు చుట్టీ, నాట్లు వేసీ, అంట్లు తోమీ వేళ్లు అరిగిపోయిన ఆడవాళ్లు రేషన్ దుకాణం దగ్గర ఈ వేలు పెట్టు, ఆ వేలు పెట్టు అంటుంటే మళ్లీమళ్లీ ప్రయత్నించి ఉత్త సంచితో తిరిగిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. సొంత మనిషి వేలును గుర్తుపట్టలేని ఏర్పాటు రబ్బరు ముద్రను గుర్తుపట్టింది. 2023లో ఆధార్ సంస్థ, పెట్టింది ప్రాణమున్న వేలేనా అని పరీక్షించే సాంకేతికతను తెచ్చింది. దస్తావేజుల్లో వేలిముద్రలు కనిపించకుండా చేయాలని కేంద్రం రాష్ట్రాలను కోరింది. మంచిదే. ఈలోగా బయటకు వెళ్లిన ముద్రల మాటేమిటి? పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేళ్లు మార్చుకోలేం.

2022 మే నెలలో జరిగింది గుర్తుచేసుకోవాలి. ఆధార్ జిరాక్సు ఎవరికి పడితే వారికి ఇవ్వొద్దని, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడాలని ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ప్రకటించింది. రెండు రోజులకే కేంద్రం ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. జనం తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉందని, మామూలు జాగ్రత్తలు పాటిస్తే చాలని చెప్పింది. లాడ్జీలో, ఫోన్ల దుకాణంలో, అద్దె ఇంటి ఓనరు దగ్గర జిరాక్సు ఇవ్వనిదే పని జరగని మనిషికి మామూలు జాగ్రత్త అంటే ఏమిటో ఆ ప్రకటన వివరించలేదు. నా దృష్టిలో మొదటి సలహాయే సరైనది. మాస్క్‌డ్ ఆధార్ చాలదనే చోట, పూర్తి నంబరు ఏ నిబంధన కింద కావాలో అడగండి.

చేతనైనంత రక్షణ మనం కల్పించుకోవాల్సిందే. అందులో ముఖ్యమైనది బయోమెట్రిక్ లాక్. ఆధార్ యాప్‌లోగానీ వెబ్‌సైట్‌లోగానీ దాన్ని వేసుకుంటే వేలిముద్రతో జరిగే ధ్రువీకరణ ఆగిపోతుంది. అవసరమైనప్పుడు తాత్కాలికంగా తీసి మళ్లీ వేసుకోవచ్చు. గత ఆరు నెలల్లో మన ఆధార్‌ను ఎప్పుడెప్పుడు వాడారో కూడా అక్కడే కనిపిస్తుంది. మన పేరుతో ఎన్ని సిమ్‌లు ఉన్నాయో టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో చూసి, మనవి కానివాటిపై ఫిర్యాదు చేయవచ్చు. పాన్ నంబరుతో ఎవరైనా అప్పు తీసుకున్నారేమో తెలుసుకోవడానికి ప్రతి క్రెడిట్ సమాచార సంస్థా ఏడాదికోసారి ఉచితంగా పూర్తి నివేదిక ఇవ్వాలి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. సొమ్ము చేతులు మారకముందే ఆపగలిగితేనే తిరిగి దక్కేది.

కానీ ఈ బయోమెట్రిక్ లాక్ ఎవరికి అందుబాటులో ఉందో చూడండి. ఆధార్‌కు జోడించిన ఫోన్ నంబరు చేతిలో ఉండాలి, యాప్ వాడటం రావాలి. లాక్ వేస్తే రేషన్ యంత్రం దగ్గర వేలు పనిచేయదు, మళ్లీ తీయాలి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు అర నిమిషంలో వేసుకోగలిగిన తాళం ఊళ్లో ఉన్న తల్లికి కూడు దూరం చేసే తాళం అవుతుంది. అందుకే ఈ భారాన్ని ఆమె మీద వేయకూడదంటున్నాను. ఖాతాదారు కోరితే తప్ప ఏఈపీఎస్ తెరుచుకోకూడదు. దాన్ని మూయించుకోవడానికి బ్యాంకు కౌంటర్ దగ్గర ఒక్క సంతకం చాలాలి.

నష్టపరిహారం దగ్గరికొస్తే పరిస్థితి ఇంకా కష్టం. బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేకుండా డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా ఫిర్యాదు చేసినవారికి ఏ నష్టమూ ఉండకూడదని రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఆదేశించింది. తప్పు ఖాతాదారుదే అని నిరూపించాల్సిన బాధ్యతను బ్యాంకుపైనే పెట్టింది. ఈ సంగతి చాలా శాఖల్లో గోడ మీద కనబడదు. ఫిర్యాదు తీసుకుని పోలీసుల దగ్గరికి వెళ్లమంటే రాతపూర్వకంగా రసీదు అడగండి. ఆ తేదీయే రేపు మీ వాదనకు ఆధారం. మెసేజ్ రాని ఫోన్లు, ఎప్పుడో ఒకసారి ప్రింట్ వేయించే పాస్‌బుక్కులు ఉన్నవాళ్లకు ఆ మూడు రోజులు ఎప్పుడు మొదలైనట్టు? సమాచారం అందిందని బ్యాంకు చూపించగలిగిన రోజు నుంచే లెక్కించాలి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. డేటాను కాపాడలేని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఆ జరిమానా మొత్తం భారత సంచిత నిధికి చేరుతుంది. గుర్తింపు పోయిన మనిషికి అందులో పైసా రాదు. పైగా డేటా విషయంలో నిర్లక్ష్యం చేసిన కంపెనీ నుంచి బాధితులు పరిహారం కోరడానికి ఐటీ చట్టంలో ఉన్న 43ఏ సెక్షన్‌ను ఈ కొత్త చట్టమే తొలగిస్తోంది. చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చేలోపు పార్లమెంటు ఆ పరిహార హక్కును తిరిగి చేర్చాలి. కంపెనీలతో పాటు మన దస్తావేజులను వెబ్‌సైట్‌లో పెట్టిన ప్రభుత్వ శాఖలకూ అది వర్తించాలి.