సంపాదకుని మాట: రజూలా, రోహ్నా

కోవిల్‌పట్టి, విరుదునగరం నల్లరేగడి పల్లెల్లో ఇంట తెలుగు, బడిలో తమిళం. తమిళ రచయిత కి. రాజనారాయణన్ ఊరు ఇడైసేవల్ కూడా ఈ సీమదే. ఈ పల్లెల నుంచి బతుకుదెరువు కోసం మలయా వెళ్లినవాళ్ల కథలు వెతుకుతుంటే ఓడల దగ్గర ఆగిపోయాం.

రజూలా, రోహ్నా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవారి జంట ఓడలు. రెండూ 1926లో కట్టినవే. మదరాసు, నాగపట్నంలలో జనాన్ని ఎక్కించుకుని పినాంగు, సింగపూరులకు చేర్చేవి. రజూలా డెక్కు మీదే ఐదు వేలమందికి పైగా పట్టేవారట! సౌకర్యం సంగతి అడక్కండి.

రెండో ప్రపంచ యుద్ధం రాగానే రెండింటికీ సైనికుల్ని మోసే పని పడింది. 1943 నవంబరు 26న అల్జీరియా తీరానికి దగ్గర్లో జర్మన్ విమానం వదిలిన, రేడియోతో నడిపే బాంబు రోహ్నాను ముంచేసింది. 1,138 మంది పోయారు. వారిలో 1,015 మంది అమెరికన్ సైనికులు. ఓడ సిబ్బందిలో ఎక్కువమంది భారతీయులే, వారి పేర్లు ఎవరికీ పట్టలేదు. అమెరికా ప్రభుత్వం ఈ వార్తను ఏళ్ల తరబడి దాచింది.

రజూలా మాత్రం బతికి బయటపడి, పాత దారిలోనే 1973 దాకా తిరిగింది.

మీ ఇంటి పెట్టెల్లో ఆ ఓడల టికెట్టో ఉత్తరమో ఉంటే నకలు పంపండి, వచ్చే సంచికలో వేస్తాం.