ఫోనులో గీసిన గీత గట్టు కాదు

భూమి బేరానికి వచ్చేవాడు ఇప్పుడు నేరుగా పొలానికి రావడం లేదు. ఇంటి దగ్గర కూర్చునే ఫోనులో మన ఊరిని పైనుంచి చూసుకుంటున్నాడు. ఏ చెలకకు బండిబాట ఉంది, ఏ పొలం రోడ్డుకు దగ్గర, పక్కన ఎవరు వెంచర్ వేశారు, చెరువు ఎంత దూరం అన్నీ చూసుకుని, సర్వే నంబరు రాసుకుని మరీ వస్తున్నాడు. వచ్చి ఫోను మన ముందు పెట్టి, “కాగితంలో మూడెకరాలు ఉంది గానీ పెద్దాయనా, ఇందులో రెండెకరాల ముప్పై కుంటలే చూపిస్తోంది” అంటున్నాడు. ఆ పది కుంటల మాట నిజమో అబద్ధమో తేల్చే దారి రైతు చేతిలో లేదు. బేరం మాత్రం అక్కడికక్కడే తగ్గుతుంది.

మన పిల్లల ఫోన్లలోనూ ఆ యాప్‌లే ఉన్నాయి. కొలిచి చూసి అన్నదమ్ములు గొడవ పడుతున్నారు, గట్టు పక్క రైతుతో తగాదా పెట్టుకుంటున్నారు. కాబట్టి ఏ యాప్ ఏ పనికి వస్తుంది, ఏ పనికి రాదు అనేది మనం తెలుసుకుని ఉండాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను. పొలం పనుల లెక్కలకు ఫోను మంచి సాధనం. హద్దు తేల్చడానికి మాత్రం పనికిరాదు. హద్దు చూపే పటం సర్కారు దగ్గర ఉండాలి, దాని నకలు రైతు ఇంట్లో ఉండాలి. అది లేకపోవడం వల్లనే ఫోను మాట చెల్లుతోంది.

ఏది దేనికి పనికొస్తుంది

గూగుల్ మ్యాప్స్ దారి చూపడానికి పుట్టింది. అందులో సర్వే నంబర్లు ఉండవు, పొలం హద్దులు ఉండవు. పొలం దగ్గర నిలబడి తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే ఆ చోటికి గుర్తు పడుతుంది, అక్షాంశ రేఖాంశాల అంకెలు వస్తాయి. బోరు ఎక్కడ ఉంది, కరెంటు స్తంభం ఎక్కడ ఒరిగింది, కాలువకు గండి ఎక్కడ పడింది అని అధికారికి పంపడానికి ఇది చాలు. “మా పొలం దగ్గర” అని రాసిన అర్జీ కంటే ఆ అంకెలు రాసిన అర్జీకి బలం ఎక్కువ.

గూగుల్ ఎర్త్‌లో చుట్టూ చుక్కలు పెట్టుకుంటూ పోతే విస్తీర్ణం చెబుతుంది. దాని అసలు ఉపయోగం వేరే ఉంది. కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే గూగుల్ ఎర్త్ ప్రోలో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు తేదీలతో సహా చూడొచ్చు. చెరువు శిఖం ఎప్పటి నుంచి కబ్జా అవుతోంది, బండ్లు తిరిగిన డొంక ఎప్పుడు మూసుకుపోయింది అనేది అందులో కనబడుతుంది. ఊరుమ్మడి భూములను కాపాడుకునే పోరాటంలో నేను చూసిన వాటిలో ఇదే ఎక్కువ పనికొచ్చేది. ఇస్రో 2009లో తెచ్చిన భువన్ కూడా ఉపగ్రహ చిత్రాలు చూపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

మూడో రకం, గట్టు చుట్టూ నడిస్తే ఎకరాలు చెప్పే జీపీఎస్ కొలత యాప్‌లు. ట్రాక్టరు వాళ్లు, వరికోత మిషను వాళ్లు వాడేవి ఇవే. దున్నకం కూలికి, మందు పిచికారీ లెక్కకు, విత్తనం మోతాదుకు ఇవి సరిపోతాయి. కౌలు రైతుకు ఇంకా మేలు. కౌలు కట్టేది కాగితంలోని విస్తీర్ణానికి, పంట పండేది గట్లు, బండలు, చెట్ల నీడ పోను మిగిలిన నేలలో. సాగయ్యే నేల ఎంతో నడిచి చూసుకుని ఆసామితో మాట్లాడితే ఎకరాకు ఎంత కౌలు పడుతుందో తేలుతుంది. అక్కడ అర కుంట అటూ ఇటూ అయినా నష్టం లేదు.

నాలుగో రకం మీద జాగ్రత్త ఉండాలి. ఉపగ్రహ చిత్రం మీద సర్వే నంబర్ల గీతలు పరిచి చూపించే యాప్‌లు ఇవి. బేరగాళ్ల చేతుల్లో ఎక్కువగా కనబడేవి ఇవే. ఆ గీతలు పాత గ్రామ పటాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి చిత్రం మీద అతికించినవి. అతికింపు కొన్ని మీటర్లు జరిగితే మన బావి పక్క నంబరులోకి పోతుంది, పక్కవాడి చింతచెట్టు మన నంబరులోకి వస్తుంది. భూమి అక్కడే ఉంటుంది, జరిగింది గీత. ఇది తెలియక గట్టు తవ్వుకునే దాకా పోయినవాళ్లున్నారు.

కుంటల్లో చూస్తే

ఆకాశం బాగా కనబడే చోట మామూలు ఫోను జీపీఎస్ మనం నిలబడ్డ చోటును సుమారు 5 మీటర్ల తేడాలో చెప్పగలదు. మామిడితోటలో, తాటిచెట్ల గట్టు మీద ఆ తేడా ఇంకా పెరుగుతుంది. దారి వెతకడానికి 5 మీటర్లు లెక్కలోకి రావు. మనకు మాత్రం వస్తాయి.

ఎకరం అంటే 4,840 చదరపు గజాలు, సుమారు 4,047 చదరపు మీటర్లు. ఇటు మా ఖమ్మం వైపు 40 కుంటలు, గట్టు దాటి ఆంధ్రలోకి పోతే 100 సెంట్లు. నాలుగు వైపులా సమానంగా ఉన్న ఎకరం చెక్కకు ఒక్కో పక్క 63 మీటర్ల పైచిలుకు ఉంటుంది. ఒక పక్క గీత 2 మీటర్లు జరిగితే కుంటంబావు, అంటే 3 సెంట్లు తేడా వస్తుంది. ఇప్పుడు 20 మీటర్ల వెడల్పు, 200 మీటర్ల పొడవు ఉన్న పట్టీ తీసుకోండి. అదీ దాదాపు ఎకరమే. పొడుగు పక్క అదే 2 మీటర్లు జరిగితే 400 చదరపు మీటర్లు పోతుంది. అంటే నాలుగు కుంటలు, దగ్గర దగ్గర 10 సెంట్లు.

తాతల నాటి భూమి పంచుకుంటూ పంచుకుంటూ వచ్చిన చిన్న రైతుకు మిగిలింది ఇలాంటి సన్నపట్టీలే. ఫోను తప్పు పెద్ద ఆసామి కంటే చిన్న రైతునే ఎక్కువ ముంచుతుంది.

మా మండలంలో ఇద్దరు అన్నదమ్ములు సంఘం దగ్గరికి వచ్చారు. ఒకే చెలక, రెండు ఫోన్లు. ఒకదానిలో రెండెకరాల ఇరవై ఆరు కుంటలు, ఇంకోదానిలో రెండెకరాల ముప్పై మూడు. “అన్న నా ఏడు కుంటలు తిన్నడు” అని తమ్ముడి పట్టుదల. సర్వేయర్‌ను పిలిపించి టిప్పన్ ప్రకారం కొలిపిస్తే ముళ్లకంపలో పూడిపోయిన పాత హద్దురాయి దొరికింది. కాగితంలో ఉన్నంత భూమీ ఉంది. రాయి దొరికాక తగాదా తీరింది. ఆ ఏడు కుంటలు ఫోన్ల మధ్య ఉన్న తేడా తప్ప ఏ అన్నా తిన్నది కాదు.

కాగితం మీద పుట్టిన నంబర్లు

ఫోను ఎంత మంచిదైనా అసలు లోపం తీరదు. తెలంగాణలో మన పటాలకు పునాది నిజాం కాలపు సర్వే. సర్వే నంబరుకు నక్షా ఉంది, టిప్పన్ ఉంది, సేత్వార్ ఉంది. ఆ తర్వాత పంపకాలు, అమ్మకాలు జరిగి ఒక్కో నంబరు పది బై నంబర్లు అయింది. ఆ బై నంబర్లు పహాణీలో పుట్టాయి గానీ పటంలో పుట్టలేదు. చాలాచోట్ల సబ్ డివిజన్ చేసి కొలిచి గీత గీసిన దాఖలా లేదు. కొన్ని గ్రామాలకైతే నక్షాయే లేదు. అలాంటప్పుడు ఏ యాప్ అయినా సర్వే నంబరు చుట్టూ ఉన్న బయటి గీతను చూపగలదు. లోపల మన వాటా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపలేదు. చూపిస్తున్నానని ఎవరైనా అంటే నమ్మొద్దు.

2017లో భూరికార్డుల ప్రక్షాళన చేశారు. కాగితాలు సరిచూశారు, నేల కొలవలేదు. ఆ కాగితాల మీదే 2020 అక్టోబరులో ధరణి వచ్చింది. 2025లో భూభారతి చట్టం వచ్చింది. పోర్టల్ పేరు మారినంత మాత్రాన రాయి పాతిన చోటు తెలిసిపోదు. భూభారతిలో సర్వే పటం మాట ఉంది. అది ప్రతి చిన్న రైతు దాకా వచ్చేటట్టు చూడటం ఇప్పుడు మన పని.

ఆంధ్రలో 2020 డిసెంబరులో రీసర్వే మొదలుపెట్టారు. డ్రోన్లు ఎగరేశారు, రోవర్లతో కొలిచారు. స్థిరంగా నిలబెట్టిన స్టేషన్ల నుంచి సవరణ అందుకునే రోవరు కొన్ని సెంటీమీటర్ల తేడాలో కొలవగలదు. ఫోనుకూ దానికీ పోలికే లేదు. అయినా అక్కడి రైతులు విస్తీర్ణం తగ్గిందని, నలుగురైదుగురి భూమిని ఒకే ఉమ్మడి ఎల్‌పీఎం కింద వేశారని కార్యాలయాల చుట్టూ తిరగాల్సి వచ్చింది. పరికరం ఎంత గొప్పదైనా, కొలిచే రోజు రైతు గట్టు మీద లేకపోతే, పక్క రైతుకు నోటీసు అందకపోతే, అభ్యంతరం వినేవాడు లేకపోతే తగాదా మిగులుతుంది.

అమెరికా వేటగాళ్ల ఫోను

ఇలాంటి యాప్‌లను పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం అమెరికాలో వేటగాళ్లకు బాగా అలవాటు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. అక్కడ లైసెన్సుతో ఆడతారు. ఎవరి భూమిలో అడుగు పెడుతున్నారో తెలియకపోతే కేసవుతుంది కాబట్టి యజమానుల పేర్లతో సహా హద్దులు చూపే యాప్‌లకు డబ్బు కడతారు. మోంటానాలో 2009లో మొదలైన ఆన్‌ఎక్స్ అలాంటిది. అది ఆ గీతలను సొంతంగా కొలవలేదు. అక్కడి కౌంటీ కార్యాలయాల్లో ముక్కముక్కకూ పటం ఉంది, దాన్ని ఎవరైనా చూడొచ్చు. యాప్ దాన్ని ఫోనులోకి తెచ్చింది, అంతే. అయినా తమ గీత సర్వే కాదని వాళ్లే రాసుకుంటారు.

2021లో వయోమింగ్‌లో నలుగురు వేటగాళ్లు ఒక సర్కారు భూమి మూల నుంచి ఎదుటి సర్కారు భూమి మూలకు దాటారు. పక్కనున్న పెద్ద ఆసామి తన భూమిలోకి చొరబడ్డారని దావా వేశాడు. వేటగాడి ఫోనులోని ఒక గుర్తు కూడా ఆ కేసులో సాక్ష్యంగా ముందుకొచ్చింది. 2025 మార్చిలో అప్పీలు కోర్టు వేటగాళ్ల పక్షాన చెప్పింది. ఇందులో మనకు పనికొచ్చే మాటలు రెండున్నాయి. యాప్ బలం దాని వెనక ఉన్న సర్కారు పటం బలం. ఫోనులో మనం పెట్టిన గుర్తు రేపు మనకే ఎదురు సాక్ష్యం కావచ్చు.

ఇంట్లో చేసుకోవాల్సింది

పాసుపుస్తకం, పాత పహాణీ నకళ్లు, పంపకం కాగితాలు ఒకచోట పెట్టుకోండి. తెలంగాణ వాళ్లు టిప్పన్, నక్షా నకలు, ఆంధ్ర వాళ్లు ఎఫ్‌ఎంబీ లేదా కొత్త ఎల్‌పీఎం నకలు తీసుకోండి. హద్దురాళ్లు ఎక్కడున్నాయో ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. వాళ్లు ఉండగానే పిల్లలను వెంట తీసుకెళ్లి చూపించండి. ఒక్కో రాయి దగ్గర ఫోటో తీసి ఆ అంకెలు నోటు పుస్తకంలో రాసుకోండి. రాయి పోయినప్పుడు సర్వేయర్‌కు ఎక్కడ వెతకాలో చెప్పడానికి అవి పనికొస్తాయి.

హద్దు మీద అనుమానం ఉంటే ఎఫ్‌-లైన్ అర్జీ పెట్టి కొలిపించుకోండి. పక్క రైతుకు ముందే నోరారా చెప్పండి. ఫోను చూసి గట్టు కదపొద్దు, కంచె వేయొద్దు, బేరం తగ్గించుకోవద్దు. సర్వే నంబరు, హద్దులు కనబడే బొమ్మలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. బేరగాడికి ఆ పని మనమే చేసిపెట్టినట్టవుతుంది.

సంఘంగా అడగాల్సింది

ఒకటి, పాసుపుస్తకంతో పాటు ప్రతి కమతానికీ మూలల కొలతలు, చుట్టుపక్కల నంబర్లు ఉన్న పటం ఉచితంగా ఇవ్వాలి. బై నంబర్లకు కూడా ఇవ్వాలి.

రెండు, మండలానికి సరిపడా సర్వేయర్లను పెట్టి, అర్జీకి గడువు కట్టాలి. చిన్న, సన్నకారు రైతుల దగ్గర కొలత ఖర్చు తీసుకోకూడదు.

మూడు, కొత్తగా కొలిచిన ప్రతిచోటా రైతు సమక్షంలోనే కొలవాలి. నోటీసు ఇచ్చి, అభ్యంతరం విని, తెలుగులో రాతపూర్వకంగా జవాబివ్వకుండా ఒక్క కుంట కూడా రికార్డులో తగ్గించకూడదు. ఉమ్మడి ఎల్‌పీఎంలను రుసుము లేకుండా విడగొట్టాలి.

నాలుగు, పొలంలో ఎవరు సాగు చేస్తున్నారో కూడా నమోదు చేయాలి. భూమి పటంలో గీత ఉండి, దాని మీద కష్టపడే కౌలు రైతు పేరు ఎక్కడా లేకపోతే ఆ పటం సగమే.

ఈ నెల గ్రామ శాఖ సమావేశాల్లో ఈ నాలుగింటి మీద చర్చ పెట్టండి. పటం లేని బై నంబర్లు ఊళ్లో ఎన్ని ఉన్నాయో పాసుపుస్తకాలు ముందు పెట్టుకుని జాబితా రాయండి. తహసీల్దారు ముందుకు వెళ్లేటప్పుడు ఆ జాబితా మన చేతిలో ఉండాలి.