నీడ నల్లగా ఉండదు నాన్నా!

విశాఖలో ఉన్న మా నాన్నగారు ఫోన్లో మనవరాలిని ఒక ప్రశ్న అడిగారు. "మీ సముద్రం ఎలా ఉంటుందమ్మా?" అని. ఫోటో పంపితే సరిపోయేది. కానీ మా అమ్మాయి "బొమ్మ వేసి పంపుతా తాతయ్యా" అని మాటిచ్చేసింది.

ఆ శుక్రవారమే మబేలా నుంచి సీబ్ బీచ్‌కి వెళ్ళొచ్చాం. ఇంటికి రాగానే రంగులు ముందేసుకుంది. కాగితం నిండా ఇసుక, నీళ్ళు. ఆకాశం లేదు. తెల్లటి డిష్‌డాషాలో ఒక పెద్దాయన నడుస్తున్నారు. ఆయన నీడ ఊదారంగులో ఉంది.

నేను ఊరుకోవచ్చు కదా! "నీడ నల్లగా ఉంటుందమ్మా. పైన కాస్త ఆకాశం కూడా వెయ్యి" అన్నాను. పాపం, నా మాట విని నలుపు పులిమింది. బొమ్మ చచ్చిపోయింది. తర్వాత రెండు వారాలు బ్రష్ ముట్టుకోలేదు.

మనసులో ఏదో పొడిచింది. అసలు సముద్రాన్ని పెద్ద చిత్రకారులు ఎలా వేశారో చూద్దామని కూర్చున్నాను.

మొదట దొరికినవాడు ఫ్రాన్స్ చిత్రకారుడు యూజీన్ బూదాఁ (1824-1898). కుర్రవాడైన క్లోడ్ మోనేని ఆరుబయట బొమ్మలు వేసేలా ప్రోత్సహించింది ఈయనే. 1860లలో త్రువీల్ అనే ఊరి బీచ్‌ని పదేపదే వేశాడు. ఆ బొమ్మల్లో నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత బాగా కిందికి ఉంటుంది. పైనంతా మబ్బులే. కింద సన్నటి వరసలో గౌన్లు, గొడుగులు, అక్కడక్కడ ఒక ఎర్రటి మచ్చ. ఆ ఎరుపుని వేలితో మూసి చూడండి, బొమ్మ మొత్తం చప్పబడిపోతుంది.

రెండోవాడు స్పెయిన్‌కి చెందిన హోకిన్ సొరోయా (1863-1923). ఈయనది మనకు బాగా తెలిసిన ఎండ! సొంత ఊరు వాలెన్సియా బీచ్‌లో 1909లో వేసిన బొమ్మలు చూసి నిర్ఘాంతపోయాను. 'సముద్రతీరాన షికారు'లో ఆయన భార్య, పెద్దకూతురు తెల్లటి దుస్తుల్లో నడుస్తుంటారు. వెనక నీళ్ళు, కింద ఇసుక. ఆకాశం లేనే లేదు! 'బీచ్‌లో పిల్లలు' బొమ్మలో ముగ్గురు కుర్రాళ్ళు తడి ఇసుకలో బోర్లా పడుకుని ఉంటారు. అందులోనూ ఆకాశం లేదు. కుర్రతనంలో ఫోటో స్టూడియోలో పనిచేసిన మనిషి కదా, ఎక్కడ కత్తిరించాలో బాగా తెలుసు. ఆకాశం తీసేస్తే మన చూపు పారిపోవడానికి దారి ఉండదు, ఆ మనుషుల దగ్గరే నిలబడిపోతుంది.

ఇక ఆ తెల్ల గౌన్లు! దగ్గరగా చూస్తే తెలుపు చాలా తక్కువ. ఎండ తగిలినచోట లేత పసుపు, మడతల్లో నీలం, ఊదా.

కంప్యూటర్ వాణ్ణి, లెక్క చూడందే నమ్మను. ఆ రోజు బీచ్‌లో తీసిన ఫోటో తెరిచి, ఆ డిష్‌డాషా మీద రంగుల అంకెలు చూశాను. అచ్చమైన తెలుపంటే 255, 255, 255 ఉండాలి. ఎక్కడా లేదు! ఎండవైపు ఎరుపు అంకె ఎక్కువ, నీడవైపు నీలం అంకె ఎక్కువ. కారణం చాలా సులువు. నీడలోకి సూర్యుడి వెలుగు నేరుగా రాదు, కానీ నీలాకాశపు వెలుగు వస్తుంది. ఆ నీలమే నీడకి అంటుకుంటుంది.

అంటే మా అమ్మాయి తను చూసింది వేసింది. నేనేమో ఎప్పుడో క్యాలెండర్‌లో చూసిన సముద్రాన్ని దిద్దించాను. తాతయ్య అడిగింది క్యాలెండర్ సముద్రం కాదు, మనవరాలి సముద్రం.

సొరోయా బొమ్మ చూపించి, "తప్పు నాదేనమ్మా" అన్నాను. చాలాసేపు చూసి, "నేను అప్పుడే చెప్పాను కదా నాన్నా" అంది. నిజమే, చెప్పింది. నేనే వినలేదు. మర్నాడు మళ్ళీ కాగితం తీసింది. ఈసారీ ఆకాశం వెయ్యలేదు.

పిల్లలూ, ఈసారి బీచ్‌కి వెళ్ళినప్పుడు సాయంత్రం ఎండలో ఇసుక మీద ఒక తెల్లకాగితం పరవండి. దాని మీద మీ చేతి నీడ పడనివ్వండి. అది ఏ రంగులో ఉందో బాగా చూసి, అప్పుడు బ్రష్ పట్టుకోండి. నాన్నగారిని మాత్రం కాస్త దూరంగా కూర్చోబెట్టండి!