సేవకుడు ఒక్కడేనా?

పరిచర్య. ఈ నెల నేను పట్టుకుని కూర్చున్న మాట ఇదే. డర్బన్‌లో మా ఇంట్లో నాలుగో తరానికి తెలుగు దాదాపు పోయింది. తెలుగు బైబిలు ముందు పెట్టుకుని, యూట్యూబులో ప్రసంగాలు వింటూ నాకు నేనే నేర్చుకుంటున్నాను. ఆ ప్రసంగాల్లో "దైవసేవకుడు" అంటే ఎప్పుడూ పాస్టరు గారే. మరి మిగతా మనమందరం ఎవరం? ప్రేక్షకులమా?

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తీసి చూడండి. విధవరాళ్ళకి రోజూ భోజనం పంచే పనిని మన తెలుగు బైబిలు పరిచర్య అంటుంది. వాక్యం చెప్పే పనిని కూడా పరిచర్య అనే అంటుంది. రెండిటికీ ఒకటే మాట. అన్నం గిన్నె పట్టుకున్నవాళ్ళకి ఒక పేరు, మైకు పట్టుకున్నవాళ్ళకి ఇంకో పేరు అక్కడ లేవు. ఆ తేడా తెచ్చింది మనమే.

"తలాంతు" అనే మాటకీ అదే గతి పట్టింది. మత్తయి సువార్తలో అది డబ్బు లెక్క. మన సంఘాల్లో అది పాటగా, ప్రసంగంగా, గిటారుగా మారిపోయింది. "తలాంతు ఉన్నవాళ్ళు ముందుకు రండి" అంటే పాడేవాళ్ళే లేస్తారు. లెక్కలు బాగా రాసేవాడు లేవడు. ఆసుపత్రిలో రోగి పక్కన విసుగు లేకుండా కూర్చోగల ఆవిడ లేవదు. వాళ్ళని అడిగితే "నాకేం వరం లేదండీ" అంటారు. కానీ 1 కొరింథీయులకు 12వ అధ్యాయంలో బోధించేవాళ్ళ పక్కనే సహాయం చేసేవాళ్ళ పేరు కూడా ఉంది.

పెద్దలు నాతో అనే మాట నాకు తెలుసు: "ప్రతి ఆదివారం ప్రకటిస్తున్నాం, ఎవరూ రావడం లేదు." అయ్యా, అందరినీ అడిగితే ఎవరినీ అడగనట్టే. మా సంఘంలో ఒక అవ్వ ఉన్నారు. ఎనభై దాటాయి. వాళ్ళ అమ్మ నేర్పిన తెలుగు కీర్తనలు పుస్తకం లేకుండా పాడతారు. పిల్లలకి నేర్పమని ఆమెని ఒక్కరూ అడగలేదు. ఆమె తలాంతుని భూమిలో పాతిపెట్టింది ఆమె కాదు, మనం. ఆమె వెళ్ళిపోయిన రోజు ఆ పాటలూ ఆమెతోనే పోతాయి. అప్పుడు సంతాప సభ పెడతాం.

ఇంకో మాట కూడా వింటాను: "చదువుకోనివాళ్ళ చేతికి పని ఇస్తే పాడవుతుంది." అలా అనేవాళ్ళు మన చరిత్ర ఒకసారి చూడాలి. ఒంగోలు ప్రాంతంలో ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి ఉండేవాడు. క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టకముందే ఆయన తన వాళ్ళకి సువార్త చెప్పడం మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు నీళ్ళలో నిలబడి ఇచ్చింది తెలుగు బోధకులే. అలసిపోతే ఒకరి చోటికి ఇంకొకరు వచ్చారు.

ఆ ప్రాంతాల నుంచి మనవాళ్ళు నాటాల్‌కి కూలీలుగా వచ్చారు. ఇక్కడికి రంగయ్య గారు 1903లో వచ్చారు. ఆయన్ని పంపింది తెలుగు బాప్టిస్టుల సొంత మిషన్ సంఘం. ఆ ఏడాదే కియర్స్‌నీలో సంఘం మొదలైంది. ఆయన రాకముందు తోటల్లో ప్రార్థనకి కూడుకున్నది ఎవరు? పగలంతా పని చేసిన కూలీలు. పాస్టరు లేకుండానే సంఘం బతికింది. ఇప్పుడు పాస్టరు ఉన్నారు, మనమే నిద్రపోతున్నాం!

పాస్టరు గారు ఒక్కరే ప్రసంగం చెప్పి, వ్యాను నడిపి, కుర్చీలు సర్ది, రోగుల్ని చూసి, చివరికి మంచం పడితే "పాపం, ఎంత సేవ చేశారో" అంటాం. దాన్ని నేను భక్తి అనను, బద్ధకం అంటాను. మోషేకి ఆయన మామ యిత్రో చెప్పింది ఇదే: ఒక్కడివే మోస్తే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు.

పెద్దలకి నా మనవి. పేరు పెట్టి అడగండి. చిన్న పని ఇవ్వండి, ఎన్నాళ్ళో ముందే చెప్పండి. రాత్రి షిఫ్టు చేసే నర్సుని ప్రతివారం రమ్మనకండి, నెలకి ఒక గంట అడగండి. పని ఇచ్చాక నమ్మండి, వెనకాల నిలబడి సరిచేయకండి.

సభ్యులకి కూడా ఒక మాట. ఎవరూ అడగకపోతే మీరే అడగండి. "నాకు వంట వచ్చు, ఎవరింట్లో జబ్బు ఉంది?" అంటే చాలు. అదీ పరిచర్యే. నిఘంటువు చూసే చెబుతున్నాను.