పొడుగు పిల్లవాడు, పొట్టి సైకిలు

మోకాటి నొప్పి అనగానే అరవై దాటిన వారే మనకు గుర్తుకు వస్తారు. ఇటీవల అవనిగడ్డ సమీప గ్రామం నుంచి ఒక పెద్దాయన తన మనవడిని వెంటబెట్టుకుని నా వద్దకు వచ్చారు. పిల్లవాడికి 15 ఏళ్లు. ఎత్తు అప్పటికే ఆరడుగులకు దగ్గరగా ఉంది. మూడు నెలలుగా రెండు మోకాటి చిప్పల కింద నొప్పి. మెట్లెక్కినా, గొంతుక్కూర్చున్నా బాధ. "పెరిగే వయసు కదండీ, టానిక్ ఏదైనా రాయండి" అన్నారు తాతగారు. బడికి ఎలా వెళుతున్నావని అబ్బాయిని అడిగాను. "సైకిలు మీదండీ" అన్నాడు. బయట నిలబెట్టిన ఆ సైకిలును చూడగానే కారణం సగం బోధపడింది. 20 అంగుళాల చక్రాలు, లావు టైర్లు, పొట్టి ఫ్రేము. బీఎంఎక్స్ తరహా బండి. రోజుకు రానూపోనూ 12 కిలోమీటర్లు దాని మీదనే ప్రయాణం.

మచిలీపట్నం, గుడివాడ వీధులలోనూ, దివిసీమ కాలువ గట్ల మీదా ఇటువంటి దృశ్యం అరుదేమీ కాదు. పొడవైన కుర్రవాడు మోకాళ్లు గడ్డానికి తగులుతాయేమో అన్నట్లు ముడుచుకుని తొక్కుతూ కనిపిస్తాడు. చూసేవారికి నవ్వు వస్తుంది, వైద్యుడికి దిగులు కలుగుతుంది. చెప్పులు కొనేటప్పుడు పాదం కొలత చూసే మనం, సైకిలు కొనేటప్పుడు మాత్రం రంగూ, ధరా చూసి తృప్తి పడుతున్నాం. సైకిలు కూడా ఒంటికి కొలిచి కొనవలసిన వస్తువే అని నా అభిప్రాయం.

బీఎంఎక్స్ చెడ్డ బండి కాదు. 1970 ప్రాంతంలో కాలిఫోర్నియా పిల్లలు మోటారుసైకిలు పందేలను అనుకరిస్తూ మట్టి దారులలో మొదలుపెట్టిన ఆట అది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో పోటీ క్రీడగా చోటు సంపాదించుకున్నది. అయితే ఆ ఆటలో రౌతు ఎక్కువసేపు పెడళ్ల మీద నిలబడే ఉంటాడు. సీటు అడ్డు రాకుండా ఉండటానికే దానిని అంత కిందికి అమర్చారు. నిలబడి ఆడవలసిన బండి మీద కూర్చుని మైళ్ల దూరం తొక్కడమే మనం చేస్తున్న పొరపాటు.

లెక్క చూద్దాం. కూర్చుని తొక్కేవారికి సీటు ఎత్తును నిర్ణయించడానికి ప్రచారంలో ఉన్న సూత్రమొకటి ఉంది. కాలి లోపలి కొలతను 0.883తో గుణించాలి. పెడళ్లు తిరిగే ఇరుసు నుంచి సీటు పైభాగం వరకు ఆ ఎత్తు ఉండాలి. ఆరడుగుల వ్యక్తికి కాలి లోపలి కొలత 85 సెంటీమీటర్లనుకుంటే, సీటు 75 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. బీఎంఎక్స్ ఫ్రేములో సీటు గొట్టం సాధారణంగా 8, 9 అంగుళాలే, అంటే సుమారు 20 నుంచి 23 సెంటీమీటర్లు. మిగిలిన అర మీటరుకు పైగా ఎత్తు ఎక్కడి నుంచి వస్తుంది?

కొందరు సీటు రాడ్డును వీలైనంత పైకి లాగి బిగిస్తారు. రాడ్డు మీద ఇంతకు మించి పైకి లాగరాదని గీత ఉంటుంది. దానిని దాటితే రాడ్డు వంగవచ్చు, విరగవచ్చు, ఫ్రేమే పగలవచ్చు. పైగా ఫ్రేము పొడవు మారదు కనుక హ్యాండిలు మోకాళ్లకు తగులుతూనే ఉంటుంది, నడుము వంగిపోతూనే ఉంటుంది.

సీటు తక్కువగా ఉంటే పెడలు పైకి వచ్చిన ప్రతిసారీ మోకాలు అతిగా ముడుచుకుంటుంది. ముడిచిన మోకాలితో బలంగా తొక్కినప్పుడు మోకాటి చిప్ప తొడ ఎముకకు గట్టిగా ఒత్తుకుంటుంది. చిప్ప కింది నరం వంటి పట్టీ కాలి ఎముకను లాగుతుంది. ఎదిగే పిల్లలలో ఆ పట్టీ అతుక్కునే చోట ఎముక ఇంకా గట్టిపడి ఉండదు. అక్కడ వాపు, నొప్పి పుడతాయి. దీనిని ఆస్‌గుడ్-ష్లాటర్ వ్యాధి అంటారు. 1903లో ఆ ఇద్దరు వైద్యులు విడివిడిగా వర్ణించారు. పరుగులు, గెంతులు ఎక్కువగా ఉండే పిల్లలలో ఇది తరచు కనిపిస్తుంది. సైకిలొక్కటే దీనికి కారణమని నేను అనను. కాని ఉన్న నొప్పిని పొట్టి సైకిలు పెంచుతుందనడంలో సందేహం లేదు.

మన డెల్టాలో ఈ బాధకు మరో కారణం తోడవుతుంది. ఇక్కడ నేల బల్లపరుపు. కాలువ వంతెనలు తప్ప ఎత్తుపల్లాలు లేవు. పల్లంలో పెడళ్లు ఆపి జారే అవకాశం లేదు కనుక కాళ్లకు విశ్రాంతి ఉండదు. సాయంత్రం నాగాయలంక, కోడూరు వైపు సముద్ర దిశగా ఇళ్లకు వెళ్లే పిల్లలకు ఎదురుగాలి అదనం.

ఇక కొలిచే పద్ధతి. పిల్లవాణ్ణి చెప్పులు లేకుండా గోడకు ఆనించి నిలబెట్టండి. కాళ్ల మధ్య ఒక అట్ట పుస్తకాన్ని సీటు మాదిరి పైకి ఆనించి పెట్టి, నేల నుంచి దాని పై అంచు వరకు టేపుతో కొలవండి. అదే కాలి లోపలి కొలత. సైకిలు అడ్డకడ్డీకి రెండు వైపులా కాళ్లు వేసి నిలబడినప్పుడు, కడ్డీకీ శరీరానికీ మధ్య అంగుళం, రెండంగుళాల ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని మడమను కింది పెడలు మీద ఉంచితే కాలు తిన్నగా చాచుకోవాలి. పాదం ముందు భాగంతో తొక్కినప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీల వంపులో ఉండాలి. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలని చాలామంది పెద్దలు పట్టుబడతారు. కొత్తగా నేర్చుకునేవారికి అది సరే. నేర్చినవారికి మోకాటి నొప్పిని తెచ్చిపెట్టేది ఆ పట్టుదలే. దుకాణంలో 20, 24, 26 అని చెప్పేవి తరచు చక్రాల కొలతలు. వాటిని ఫ్రేము కొలతగా పొరబడవద్దు.

ఆటకోసం బీఎంఎక్స్ కావాలని పిల్లవాడు ముచ్చట పడితే కాదనవద్దు. చక్రాలు 20 అంగుళాలే అయినా అడ్డకడ్డీ పొడవులో తేడాలుంటాయి. ఐదున్నర అడుగుల వారికి 20.5 అంగుళాలు, ఆరడుగుల వారికి 21 లేదా అంతకు మించి ఉన్నవి సాధారణంగా నప్పుతాయి. బడికి మాత్రం వేరే సైకిలు ఉండాలి. రెండు కొనే స్తోమత లేకపోతే బడి సైకిలుకే ఓటు వేస్తాను. అలాగని "వచ్చే ఏడాదికి సరిపోతుంది" అంటూ ఈనాటి కాలికి అందని బండి కొనడమూ తప్పే. ఎదిగే వయసులో కాళ్లు త్వరగా సాగుతాయి కనుక ఆరు నెలలకొకసారి సీటు ఎత్తు సరిచూడండి. బడిపిల్లలకు సైకిళ్లు పంచే ప్రభుత్వాలు కూడా కనీసం రెండు ఫ్రేము కొలతలలో ఇవ్వాలి.

ఇంత వివరంగా రాయడానికి కారణముంది. సైకిలు బాధపెడితే పిల్లవాడు సైకిలునే మానేస్తాడు. తరువాత అడిగేది మోటారుసైకిలు. గేర్ల బండికి లైసెన్సు 18 ఏళ్లకు గాని రాదు. 2019 చట్ట సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు విధించవచ్చు. జరిమానా మాట అటుంచితే, పోయిన ప్రాణం తిరిగి రాదు. సరైన సైకిలు ఉన్న పిల్లవాడికి ఆ తొందర కొంతైనా తగ్గుతుంది.

ఒక హెచ్చరిక. వాపు, కుంటడం, రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పి, జ్వరం ఉంటే సైకిలు మీద నెపం వేసి ఊరుకోవద్దు. ఈ వయసులో తుంటి కీలు జబ్బు కూడా మోకాటి నొప్పిగా బయటపడవచ్చు. వెంటనే వైద్యుడికి చూపించండి.

ఆ అబ్బాయికి టానిక్ రాయలేదు. కొంతకాలం విశ్రాంతి, మంచు కాపడం, తొడ కండరాలకు వ్యాయామాలు చెప్పాను. ఇంట్లో పాత సైకిలు ఏదైనా ఉందా అని అడిగితే, తాతగారు తాను తొక్కిన 22 అంగుళాల ఫ్రేము బండి వసారాలో ఉందన్నారు. చైనూ, బ్రేకులూ బాగుచేయించి, సీటు కొలత ప్రకారం పైకెత్తించారు. కొన్ని వారాల తరువాత నొప్పి చాలావరకు తగ్గిందని ఫోను చేశారు. పాత సైకిలు మీద బడికి వెళ్లడానికి మొదట సిగ్గుపడ్డాడట. ఇప్పుడు ఎదురుగాలిలోనూ స్నేహితుల కంటే ముందే ఇల్లు చేరుతున్నాడట.