నొప్పి తగ్గించడమూ వైద్యమే

"ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లిపొండి." కొల్లేరు లంకల్లో, తాడేపల్లిగూడెం చుట్టూ ఉన్న మన పేటల్లో ఈ మాట తెలియనివాళ్లు తక్కువ. పెద్దాసుపత్రి నుంచి తిరిగొచ్చిన కేన్సరు మనిషి నులకమంచం మీద రాత్రంతా మూలుగుతాడు. ఆడమనిషి కూలి మానుకుని పక్కన కూర్చుంటుంది. జబ్బు నయం కాదని డాక్టరు చెప్పడం తప్పు కాదు. నొప్పికి కూడా మందు లేదన్నట్టు చేతులు దులుపుకోవడం తప్పు.

మందు ఉంది. దాని పేరు మార్ఫిన్. నల్లమందు నుంచి తీస్తారు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు సర్కారు లైసెన్సుతోనే ఆ పంట వేస్తారు. మన నల్లమందు విదేశీ కంపెనీలకు కూడా ఎగుమతి అయ్యింది. పండించిన దేశంలో పేదోడికి మాత్ర దొరకడం గగనమైంది. ఎందుకని? 1985 నాటి మత్తుమందుల చట్టం ఆసుపత్రుల్ని లైసెన్సుల చుట్టూ తిప్పింది. 2014లో చట్టం సవరించారు. గుర్తింపు పొందిన ఆసుపత్రికి ఒక్క అనుమతి చాలన్నారు. కాగితం మీద చిక్కు తగ్గింది గానీ, మార్ఫిన్ రాయాలంటే డాక్టర్లకు బెదురు పోలేదు. కేన్సరు నొప్పికి మోతాదు చూసి ఇస్తే మనిషి మత్తుకి బానిస కావడం అరుదు. ఈ సంగతి చదువులోనే నేర్పాలి.

2019 నుంచి ఎంబీబీఎస్ పాఠాల్లో చివరిదశ రోగుల నొప్పి గురించి ఉంది. 2023లో ఏలూరులో సర్కారు వైద్య కళాశాల మొదలైంది. అయితే పరీక్షకు బట్టీపట్టే పాఠం కాదిది. గట్ల మీద నడిచొచ్చి, పాకలోకి వంగి, రోగిని ముట్టుకుని, పుండు కడిగి, ఇంటివాళ్లతో నిజం చెప్పే తీరు నేర్చుకోవాలి. హైదరాబాదు ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రిలో డాక్టర్లకు, నర్సులకు ఈ శిక్షణ ఉంది. కేరళలో 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీ డాక్టర్లు మొదలెట్టిన పనిని ఊళ్లలో జనం అందుకున్నారు. 2008కల్లా అక్కడి ప్రభుత్వం దాన్ని తన విధానం చేసుకుంది. అక్కడ అయినది ఇక్కడెందుకు కాదు?

అందుకే అడుగుతున్నాం. ఏలూరు పెద్దాసుపత్రిలో, తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రిలో మార్ఫిన్ మాత్రలు ఎప్పుడూ ఉండాలి. వైద్య విద్యార్థుల్ని లంక గ్రామాలకు, పేటలకు పంపాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక డాక్టరు, ఒక నర్సు ఈ శిక్షణ పొందాలి.

గౌరవంగా చనిపోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అన్నలారా, అక్కలారా, మీ ఊరి ఆసుపత్రికెళ్లి మార్ఫిన్ ఉందా అని అడగండి. లేదంటే అర్జీ రాసివ్వండి. బతికినన్నాళ్లూ మనల్ని దూరంగా నిలబెట్టారు. చావు మంచం దగ్గర కూడా డాక్టరు దూరంగా నిలబడితే ఊరుకోం.